బాతులు లేని వీధి

బేకరీ వెనక గది,
ఆకులు రాలడం మొదలైన వారం

మా ఇంటి ఆడపడుచు, పశువుల డాక్టరమ్మకు,

వదిన ముద్దులూ మొట్టికాయలూ సమపాళ్లలో.

నీ దగ్గర్నుంచి ఉత్తరం ముక్క వచ్చి ఎన్నాళ్లయిందో గుర్తుందా? ఆడపడుచు అర్ధమొగుడంటారు. పూర్తి మొగుడేమో పక్కనే ఉండి పలకడు, అర్ధమొగుడేమో దూరాన కూర్చుని రాయదు. నా కాపురం ఇలా ఉంది. ఈ వాక్యం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. "ఊఁ" అన్నారు. ఆయన తరఫున నీకు అదే కుశలప్రశ్న అనుకో.

ఇక్కడ ఎండ మెత్తబడింది. వీధి చివరి చెట్లు పసుపు తిరిగాయి. పొద్దున్నే కొట్టు తలుపు తీస్తే గుమ్మం నిండా ఆకులే. ఊడ్చిన చోటే మళ్లీ రాలతాయి, అచ్చం మీ అన్నయ్య విడిచిన బట్టల్లాగా. వేసవిలో బట్టీ దగ్గర నిలబడటం శిక్ష, ఇప్పుడదే సుఖం. కొత్త గుమ్మడికాయలు వచ్చాయి. గుజ్జు ఉడికించి పిండిలో కలిపి బన్నులు చేస్తుంటే సాయంత్రానికి పళ్లెంలో పొడి కూడా మిగలడం లేదు.

మామయ్యగారి సంగతి చెప్పాలి. ఊరి బయట మడుగు మీద వలస పిట్టలు ఈసారి ముందే దిగాయి. ఇంక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. పొద్దున లేవడం, చేతికర్రా కాగితాలూ పట్టుకుని బయల్దేరడం. వెనకాల మన పెద్దబాతుల మంద, వాటన్నిటికీ ముందు పండితుడు. ఆ మగబాతు ఛాతీ విరుచుకుని నడుస్తుంటే స్కూటర్లు కూడా ఆగి దారిస్తున్నాయి. బాతులన్నీ ఆ వలస పిట్టల మధ్య ఈదుతుంటే మామయ్యగారు ఒడ్డున కూర్చుని కొత్త కవిత చదువుతారట. బాగుంటే పండితుడు మెడ ఊపుతాడట, లయ తప్పితే బుస కొడతాడట. "ఈ ఊళ్లో నాకున్న ఏకైక రసికుడమ్మా వాడు" అంటారు. ముప్పూటలా వండిపెట్టే కోడలికి ఆ బిరుదు ఎప్పుడూ దక్కలేదు చూశావా!

ఈ ఏటి కవిత మొదలు ఇదీ:

ఎక్కడి నుంచి వచ్చావని
పిట్టను అడగను.
మా నీళ్లు తియ్యగా ఉన్నాయా అని
దాని అలసటను అడుగుతాను.

వీధి బంతిలో చదువుతారు. నువ్వు ఉద్యోగంలో చేరాక బంతికి ఒక్కసారీ రాలేదు. వీధి పొడుగునా బల్లలు లాగి, ఇంటికో వంటకం తెచ్చి, అందరం ఎండలో కూర్చుని తినడం, మీ నాన్నగారు లేచి గొంతు సవరించుకోగానే పిల్లలంతా బల్లల కిందికి జారుకోవడం, అదంతా నువ్వు లేకుండానే సాగిపోతోంది. ఈసారైనా రా.

చివరగా ఒక చిన్న విషయం. బాతులు కాస్త మందకొడిగా ఉన్నాయి. తెల్లమూతి నిన్న పొద్దున చచ్చిపోయింది. కుంటిది మెడ వంకర తిప్పుకుని ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. మామయ్యగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని చుక్కలు చుక్కలుగా నీళ్లు తాగిస్తున్నారు. ఎదురింటి టైలరు అత్తయ్య కోళ్లు కూడా పెంకు గట్టిపడని తోలుగుడ్లు పెడుతున్నాయట. ఆవిడ తెల్లమూతిని చూసి, "పోయింది ఎలాగూ పోయింది, కూర వండుకుంటే నలుగురం తింటాం కదా" అంది. మామయ్యగారు ఆవిడ మీద ఇంతెత్తున లేచి, దాన్ని పెరట్లో పాతిపెట్టారు. మేతలో ఏం కలపాలో రాస్తే కలుపుతాను.

నీ వదిన


పశువైద్యశాల క్వార్టర్స్,
నీ ఉత్తరం అందిన రోజే

వదినా,

నీ ఉత్తరం నవ్వుతూ మొదలుపెట్టాను. ఆఖరి పేరా దగ్గర నా చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. పక్కగదిలో కాంపౌండరు "ఏమైందమ్మా?" అని రెండుసార్లు అడిగాడట, నాకు వినపడలేదు.

మేతలో ఏమీ కలపవద్దు. అసలు వాటి దగ్గరికి ఎవరూ వెళ్లవద్దు. నాన్నను మడుగుకి వెళ్లనివ్వకు. కుంటిదాన్ని ఒళ్లోంచి దింపించు. ఆయన వేసుకున్న బట్టలు మరిగే నీళ్లలో వెయ్యి. బాతులన్నిటినీ పాకలో పెట్టి తలుపు వేసి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. టైలరు అత్తయ్యకు చెప్పు, ఆ గుడ్లు తినవద్దు, చచ్చిన కోడిని ముట్టుకోవద్దు. నేను చెప్పానని చెప్పు. వినకపోతే అరిచి చెప్పు.

కంగారుపడకు. అది మామూలు జబ్బే కావచ్చు. ఆ పక్క మా శాఖవాళ్లున్నారు, ఒకసారి వచ్చి చూసి వెళ్తారు. అంతే.

మీలో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉందా? మనింట్లో ఫోను లేదు కాబట్టి, దీనికి మాత్రం వెంటనే జవాబు రాయి.

మరదలు


బేకరీ వెనక గది

డాక్టరుగారికి,

ఒకసారి వచ్చి చూసి వెళ్తారన్నావు. వచ్చారు. చూశారు. వెళ్లారు. ఇప్పుడు వీధిలో రెక్క ఉన్న ప్రాణి ఒక్కటీ లేదు.

నీ ఉత్తరం పొద్దున అందింది. బాతుల్ని పాకలోకి తోలాం. ఆ మర్నాడు వాళ్లొచ్చి ముక్కుల్లో పుల్లలు పెట్టి ఏదో తీసుకుపోయారు. తర్వాత ఒక మధ్యాహ్నం, పిల్లలు బడి నుంచి వచ్చే వేళ, వీధి మొదట్లో రెండు వ్యాన్లు ఆగాయి. నెత్తి నుంచి కాలి దాకా తెల్ల తొడుగులు వేసుకుని మనుషులు దిగారు. మొహాలు కనపడవు, కళ్లద్దాలే. వీధి మొత్తం నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయింది. చంటిపిల్లలు కూడా ఏడవడం మర్చిపోయారు.

"ఈ చుట్టుపక్కల పక్షులన్నిటినీ తీసేయాలి" అన్నాడు వాళ్ల పెద్ద. తీసేయాలట! బూజు దులిపినట్టు.

మామయ్యగారు పాక తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు. "జబ్బు చేసింది ఒకటి రెండిటికి. మిగతావి నిక్షేపంలా ఉన్నాయి, చూడు" అన్నారు. ఆ ఆఫీసరు మర్యాదస్తుడే. "అయ్యా, మీకు తెలియనిదేముంది! మీ అమ్మాయిగారే మాకు ఫోను చేశారు. అంత త్వరగా చెప్పబట్టి సరిపోయింది. మీరు గర్వపడాలి" అన్నాడు.

ఆ మాట వినగానే మామయ్యగారి మొహం ఎలా అయిందో రాయడం నాకు చేతకాదు. మీ అన్నయ్య వెళ్లి భుజం పట్టుకుంటే చిన్నపిల్లాడిలా పక్కకి జరిగారు. గోడవైపు తిరిగి నిలబడ్డారు. కుంటిదీ, ఎప్పుడూ ఒకదాని వెనక ఒకటి తిరిగే జంటకోడళ్లూ, మొన్న వేసవిలో పొదిగిన పిల్లలూ... ఒక్కొక్క అరుపు ఆగిపోవడం విన్నాం. తర్వాత ఎదురింట్లో. టైలరు అత్తయ్య కుట్టు మిషను మీద తల వాల్చి ఏడ్చింది. ఆవిడ కోళ్లకు జబ్బు ఉందో లేదో కూడా ఎవరూ తేల్చలేదు. సంచుల్లో కట్టి, సున్నం చల్లి, వ్యాన్లలో వేసుకుపోయారు. మమ్మల్నందర్నీ వరసలో నిలబెట్టి ఒళ్లు వేడిగా ఉందేమో చూశారు, మాత్రలు ఇచ్చారు.

ఆ సాయంత్రం మామయ్యగారు ఒకే మాట అన్నారు. "ఆ అమ్మాయి ఊసు నా దగ్గర ఎత్తకండి."

నీ మీద కోపం ఫోను చేసినందుకు కాదే. ఏం జరగబోతోందో నాతో చెప్పనందుకు. నేను తలుపు తీసి, "రండి బాబూ, కూర్చోండి, టీ తాగుతారా?" అని అడిగాను వాళ్లని.

వదిన


పశువైద్యశాల క్వార్టర్స్

వదినా,

డాక్టరుగారికి అని రాశావు. పడాల్సినదాన్నే, పడతాను.

నీ ఉత్తరం రాకముందే మా శాఖవాళ్ల ద్వారా నాకు సంగతి తెలిసింది. తెలిసినా, నువ్వు రాసింది చదివాక గదిలో అటూ ఇటూ తిరిగాను. ఒకచోట కూర్చోవడం చేతకాలేదు. నాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడన్న ముక్క దగ్గర కాగితం మడిచి పక్కన పెట్టేశాను. మళ్లీ తీశాను.

నీతో ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వు నాన్నతో చెబుతావు. నాన్న మందను తోలుకుని కొండ దాటి వెళ్లిపోతాడు. ఆయన పోయిన దారంతా ఆ జబ్బు పోతుంది. ఆయన వెళ్లడంటావా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు.

పోయిన ఏడు నా పరిధిలోనే ఒక కోళ్లఫారం ఇలాగే దాచుకుంది. చచ్చినవి పాతిపెట్టి, బతికినవి అమ్ముకున్నారు. ఆ ఇంటి ఇల్లాలు ఈకలు పీకేది. మా వాళ్లకు తెలిసి మేము వెళ్లేసరికి ఆవిడ మంచం మీద ఉంది. గోధుమ పిండి జల్లెడ పట్టినట్టు ఊపిరి తీస్తోంది. నేను పశువుల డాక్టర్ని, మనిషికి ఏమీ చెయ్యలేను, గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆవిడ నా వైపు చూసి, "కోళ్లకు తగ్గుతుందా అమ్మా?" అని అడిగింది. ఆ మర్నాడు పోయింది. నీ ఉత్తరంలో నాన్న బాతును ఒళ్లో పెట్టుకున్నాడని చదవగానే నాకు కనపడింది ఆవిడే.

నన్ను క్షమించమని అడగను. నాన్న తింటున్నాడా లేదా అది రాయి. జ్వరం సంగతి నువ్వు ఇంకా చెప్పలేదు. బతికినవాళ్ల మీద కోపం తీరిగ్గా పడొచ్చు వదినా, ముందు అందరూ బతికుండాలి.

మరదలు


బేకరీ

మరదలికి,

కోపం పోయిందని కాదు, కోపానికి కూడా ఓపిక ఉండాలిగా.

మామయ్యగారు తింటున్నారు. ఏం పెడితే అది తింటారు, రుచి చెప్పరు. పొద్దున్నే పాక దగ్గర కుర్చీ వేసుకుని, ఖాళీ పాకవైపు చూస్తూ కూర్చుంటారు. కాగితాలు ముట్టుకోవడం లేదు. మామూలుగా ఈ కాలంలో ఒక కవితకు పదిసార్లు పిలిచి వినిపిస్తారు కదా, "మామయ్యగారూ, పిండి మీద చెయ్యి ఉంది, తర్వాత" అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు పిలిస్తే పరుగెత్తుకుపోతాను.

బంతి ఆదివారం వచ్చింది, వెళ్లింది. ఒక్క బల్లా బయటికి రాలేదు. ఎవరింట్లో వాళ్లు వండుకుని, తలుపులు వేసుకుని తిన్నారు. వీధిలో నడుస్తుంటే ఒక ఇంటి నుంచి వేయించిన ఉల్లిపాయ వాసన, ఇంకో ఇంటి నుంచి ఉడికిన దుంపల వాసన, ఏ వాసనా ఇంకోదానితో కలవలేదు. టైలరు అత్తయ్య నన్ను చూసి కిటికీ రెక్క మూసింది. ఆవిడ కోళ్లు మన బాతుల మూలాన పోయాయని ఆవిడ బాధ. నిజమే కదా.

ఆ అత్తయ్యే ఒక సంగతి ఆరా తీయమంది. పక్షి పైకి బాగానే ఉండి, తింటూ తిరుగుతూ ఉంటే దానిలో జబ్బు లేనట్టే కదా? ఉన్నా, కొన్నాళ్లు ఎవరికీ కనపడకుండా ఒకచోట పెడితే దానంతట అదే పోతుందా? ఎన్నాళ్లు పెట్టాలి? ఊరికే తెలుసుకుందామని.

నాకు కొంచెం దగ్గు. పిండి దుమ్ము ఎప్పుడూ ఉన్నదే. మధ్యాహ్నాలు ఒళ్లు బరువుగా ఉంటే కాసేపు నడుం వాలుస్తున్నాను. మీ అన్నయ్యతో చెప్పలేదు, ఆ "ఊఁ" కోసం ఎందుకు చెప్పడం. నువ్వూ రాయకు.

వదిన


పశువైద్యశాల క్వార్టర్స్,
బస్సు కోసం చూస్తూ

వదినా,

కిటికీ రెక్క మూసిన మనిషి నీతో ప్రశ్నలు పంపించదు.

నీ ఉత్తరం చదివి, లేచి, బాతుల్ని చంపిన రోజున నువ్వు రాసిన ఉత్తరం తీశాను. కుంటిది ఉంది. జంటకోడళ్లు ఉన్నాయి. పిల్లలు ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఏడ్చావు. మందకు ముందు నడిచేవాడి పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు. నేను అప్పుడే చూడాల్సింది.

పండితుడు ఎక్కడ ఉన్నాడు?

నువ్వు చెప్పకపోయినా తెలుస్తోంది. మన ఇంట్లో ఎవరూ అడుగుపెట్టని చోటు, అరుపు బయటికి వినపడని చోటు, నీ దగ్గరే తాళం ఉండే చోటు ఒకటే ఉంది. పిండి గది. దుమ్ము వల్ల దగ్గు అని నువ్వే రాశావు. వదినా, వీధి మొత్తం తినే రొట్టెల పిండి! ఆ బస్తాల మధ్య!

పైకి బాగా ఉన్న బాతే ప్రమాదం. అది తింటుంది, తిరుగుతుంది, దాని రెట్టలో జబ్బు ఉంటుంది. నువ్వు దానికి మేత వేసి, ఆ చేతులతో పిండి పిసుకుతున్నావు. బట్టీ వేడికి ఏదీ బతకదు, అది ఒక్కటే నాకు ఊరట. కానీ నీ చేతులు బట్టీలోకి వెళ్లవు కదా. నీ ఊపిరి వెళ్లదు కదా.

ఈ ఉత్తరం పోస్టులో వేసి, ఆఫీసుకి ఫోను చేస్తాను. అవును, మళ్లీ. ఒకసారి మా నాన్న మందను పట్టించాను, ఈసారి మా వదినను. అప్పుడు చెప్పకుండా చేశానని అన్నావు, ఇప్పుడు చెప్పి చేస్తున్నాను. ఫోను చేసి బస్సెక్కుతాను.

ఈ లోపల ఎవరినీ దగ్గరికి రానివ్వకు. అన్నయ్యను కూడా.

మరదలు


పెద్దాసుపత్రి, విడి గది

నా మరదలికి,

నువ్వు ఈ గోడ అవతల వరండాలో ఉన్నావని నర్సమ్మ చెప్పింది. కిటికీ అద్దంలోంచి నీ మొహం చూశాను. చెయ్యి ఊపాను, చూశావో లేదో. లోపలికి రానివ్వరట. నీకూ నాకూ మధ్య గోడ మందం ఉంటే ఉత్తరం రాసుకుంటున్నాం, నవ్వొస్తోంది, నవ్వితే దగ్గొస్తోంది. కాగితం ఏదో మందు పొగ పట్టించి నీకు ఇస్తారట. నీ ఆఖరి ఉత్తరమూ నువ్వూ ఒకే రోజు ఊళ్లో దిగారటగా. అది మీ అన్నయ్య నాకు అద్దం అవతల పట్టుకుని చూపించారు. చదివాను. అప్పటికే అంతా అయిపోయింది.

నీకు మీ అన్నయ్య ఎంత చెప్పారో నాకు తెలియదు, ఎంతైనా సగమే చెప్పి ఉంటారు. నేను చెబుతాను. ఇప్పటికీ నాకు నమ్మకం కుదరడం లేదు, రాస్తే కుదురుతుందేమో.

తెల్ల తొడుగులవాళ్లు వచ్చిన మధ్యాహ్నం పండితుడు పాక కంత దూరి, మన బేకరీ వెనక వచ్చి, గుమ్మడి తొక్కలు తింటున్నాడు. అవతల మామయ్యగారు గోడవైపు తిరిగి ఉన్నారు. నేను ఏమీ ఆలోచించలేదు. వాణ్ణి పట్టి పిండి గదిలోకి తోసి తాళం వేశాను. అన్నీ పోయిన ముసలాయనకు ఒక్కటి మిగలనీ అనుకున్నాను. గొడవ చల్లారాక ఒకరోజు ఆయన ఒళ్లో పెడితే ఆయన మళ్లీ కాగితం తీస్తారు, మళ్లీ నన్ను పిలుస్తారు. అదే నా ఆశ. ఆ రోజు నుంచి తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

మొన్న పొద్దున కొట్టు నిండా జనం. వేడి రొట్టెలు బయటికి వస్తున్నాయి. నేను పిండి గది తాళం తీసి బస్తా లాగుతుంటే కళ్లు చీకట్లు కమ్మాయి. పడ్డాను. బస్తా పడ్డ చప్పుడికి ముందుగా వచ్చింది మామయ్యగారు. "అమ్మాయ్! అమ్మాయ్!" అని అరిచారు. ఆ గొంతు విని పండితుడు బస్తాల వెనక నుంచి కేకలు పెడుతూ వచ్చేశాడు. మెడ చాచి ఆయన కాళ్లకు చుట్టుకున్నాడు.

నేను నేల మీద ఉన్నాను, నోట్లో పిండి, అయినా నవ్వాను. ఇప్పుడు వంగుతారు, ఎత్తుకుంటారు, ఏడుస్తారు అనుకున్నాను. ఆయన వంగలేదు. బాతును చూశారు. పిండి బస్తాల్ని చూశారు. నన్ను చూశారు.

"ఎప్పటి నుంచమ్మా?"

"ఆ రోజు నుంచి మామయ్యగారూ. మీ కోసమే."

కొట్టు ముందుకి వెళ్లారు. ఇన్ని రోజులుగా నోరు విప్పని మనిషి, ఒకప్పుడు మాస్టారుగా బడిలో పాఠం చెప్పిన గొంతుతో, "ఎవరూ రొట్టె తీసుకోకండి. తీసుకున్నవాళ్లు అక్కడే పెట్టేసి దూరం జరగండి. జబ్బు పక్షి మా ఇంట్లో ఉంది. మేమే దాచాం" అన్నారు. మీ అన్నయ్య చేతిలో పళ్లెం జారిపోయింది. అందరూ ఒక్కసారిగా వెనక్కి తోసుకున్నారట.

మామయ్యగారు ముక్కుకు తుండుగుడ్డ కట్టుకున్నారు. ఖాళీ గోనెసంచి తీసుకుని పండితుణ్ణి అందులోకి దించారు. వాడు గింజుకోలేదు, మెడ బయట పెట్టి ఆయన్నే చూస్తున్నాడు. మీ అన్నయ్య, "నాన్నా, వాళ్లకు కబురు పెడదాం, వాళ్లే వస్తారు" అంటే, "ఇంకోసారి వాళ్లు మన గుమ్మానికి రానక్కరలేదు" అని సంచి రెండు చేతుల మీద పెట్టుకుని నడివీధిలో నడిచారు. పక్షుల్ని చంపిన రోజు నుంచీ ఆ శాఖవాళ్లు కొందరు వీధి చివర గుడారం వేసుకుని కాపలా ఉన్నారు, అక్కడికి.

నన్ను అప్పటికి కొట్టు బయట బల్ల మీద పడుకోబెట్టారు. నేను కళ్లారా చూశాను. టైలరు అత్తయ్య కిటికీ తెరుచుకుంది. మామయ్యగారు ఆవిడ ఇంటి ముందు, అల్లంత దూరంలో ఆగారు.

"మీ కోళ్లు పోయిన రోజునే ఇది కూడా పోవలసింది. పోలేదు. తప్పు మాది."

ఆవిడ ఏం తిడుతుందోనని నేను కళ్లు మూసుకున్నాను. తిట్టలేదే! మెడలో కొలత టేపు వేలాడుతుండగానే బయటికి వచ్చి, ఆయనకు చాలా ముందుగా నడుస్తూ, "జరగండి! పిల్లల్ని లోపలికి లాక్కోండి! మాస్టారు వస్తున్నారు, జరగండి!" అని గొంతు చించుకుని అరిచింది. ఒక్కొక్క గుమ్మంలో జనం కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. ఆయన అలాగే నడిచి వెళ్లారు.

నువ్వు ఫోను చేశావట కదా. నీ ఫోను మోగేసరికి మీ నాన్న ఆ గుడారంలో కుర్చీలో కూర్చుని ఉన్నారట. ఆ ఆఫీసరే నీతో, "అమ్మా, మీ నాన్నగారు ముందే వచ్చారు" అన్నాడట.

నేను చేసింది ప్రేమ అనుకున్నానే. ఆయన కోసం చేశాను, ఆయన చేతుల మీదుగానే పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఈ గదిలో నాకు నిద్ర పట్టేది. వెళ్లి ఆయన్ని చూడు. నన్ను కిటికీలోంచి చూసింది చాలు. ఇంటికి వెళ్లు.

నీ వదిన


మన ఇల్లు, వంటగది

వదినా,

నీ గొంతు పరీక్షలో ఆ జబ్బే ఉందని తేలింది, ఊపిరితిత్తులకు మాత్రం పాకలేదు అన్నారు. ఈ వాక్యం ముందు చదువుకో, మళ్లీ చదువుకో. పెద్ద డాక్టరు నాతో, "మొండి మనిషిలా ఉంది మీ వదిన" అన్నాడు. అంతటి నిజం ఏ పరీక్షలోనూ తేలదు అన్నాను. వీధిలో ఇంకెవరికీ జ్వరం లేదు. నాన్నకు, అన్నయ్యకు కూడా ఏమీ లేదు. పిండి మొత్తం తగలబెట్టారు. గోడలు కడుగుతున్నారు. అన్నయ్య కూడా చీపురు పట్టుకుని కడుగుతున్నాడు, కడుగుతూ నాతో పూర్తి వాక్యాలు మాట్లాడాడు. "అది మంచం మీద ఉంటే ఇల్లు ఇల్లులా లేదే" అన్నాడు. రాసి పెట్టుకో, మళ్లీ దొరకదు.

నువ్వు వెళ్లమన్నావని ఇంటికి వచ్చాను. నాన్న పాక ముందు కుర్చీలో ఉన్నాడు. నన్ను చూశాడు, లోపలికి వెళ్లాడు. తలుపు మాత్రం వేసుకోలేదు. నిన్నంతా మేమిద్దరం ఒకే ఇంట్లో, ఒకరికొకరం తగలకుండా తిరిగాం. నేను నోరు తెరవబోయినప్పుడల్లా ఆయన ఇంకో గదిలోకి వెళ్లాడు.

ఇవాళ మధ్యాహ్నం నేను వంట చేశాను. బీరకాయ, పప్పు, అన్నం. నాకు వంట ఎంత వచ్చో నీకు తెలుసు. వడ్డించాను. ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, "ఉప్పు ఎక్కువైంది" అన్నాడు. ఇన్నాళ్లకు నాతో అన్న మొదటి మాట.

నేను నీళ్లు పోశాను. ఇంకేమీ అనడనుకున్నాను. ఆయన తల వంచుకునే, "నువ్వు ఆ రోజు ఫోను చేసినప్పుడు..." అన్నాడు. ఆగాడు. తిడతాడు, ఇప్పుడు తిడతాడు అనుకున్నాను.

"చేతులు వణికాయా?" అన్నాడు.

నేను ఆయన వైపు చూశాను. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు వదినా. ఆఫీసులో మెచ్చుకున్నారు, వీధిలో తిట్టుకున్నారు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు.

"వణికాయి నాన్నా. నంబరు రెండుసార్లు తప్పు తిప్పాను."

ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, దాన్నే చూసుకున్నాడు.

"నాకూ వణికాయి" అన్నాడు.

తర్వాత కంచం ముందుకు జరిపి, ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు.

నీ మరదలు